తలుపుకు కాజా

టైలరమ్మ చెక్కను కూడా గుడ్డలాగే కోసింది. కుళ్లిపోయిన షెడ్డు తలుపును పెరట్లో పరిచి, మెడలో వేలాడే టేపుతో కొలిచి, కొత్త చెక్కల మీద సుద్దముక్కతో గీతలు గీసింది. ఏళ్ల తరబడి అలవాటు కదా, కుట్టుకని చుట్టూ అర అంగుళం వదిలి మరీ కోసింది. గుడ్డయితే లోపలికి మడిచి కుట్టేసేది. చెక్క మడతపడుతుందా? పట్టీలు కొట్టి తయారుచేసిన కొత్త తలుపు షెడ్డు గుమ్మంలో పట్టనే లేదు.

"తెలివి తెల్లారినట్టే ఉంది," అని తనను తానే తిట్టుకుంది.

ఆ తిట్టు అక్క నోటి నుంచి రావాల్సింది. అక్కాచెల్లెళ్లిద్దరూ పెళ్లి ఊసెత్తకుండా ఈ ఇంట్లోనే బతికారు. కత్తిరింపూ కుట్టూ ఈవిడవి, కాజాలూ గుండీలూ అక్కవి. వానలు మొదలయ్యే ముందు అక్క పోయింది. ఆ వానలకే తలుపు కూడా ఊడిపడింది.

తమ్ముడికి అదో సాకు దొరికింది. "చూశావా చిన్నక్కా, తలుపు ఊడితే బిగించే దిక్కు లేదు. ఇల్లు అద్దెకిచ్చేసి మా దగ్గరికి వచ్చెయ్," అన్నాడు. మంచివాడే, ప్రేమకొద్దీ అన్నదే. కానీ అతని ఇంట్లో కుట్టుమిషను పెట్టే చోటు లేదు. మిషను లేకపోతే ఆవిడ ఆ ఇంట్లో అన్నం కోసం కూచునే మనిషి, అంతే. అందుకే రోషం పొడుచుకొచ్చింది.

"ఆదివారం సాయంత్రం నువ్వొచ్చేసరికి ఆ తలుపు నేనే బిగిస్తాను. బిగిస్తే మళ్లీ ఈ మాట ఎత్తకు. చేతకాకపోతే నోరు మూసుకుని నీ వెంట వస్తాను," అనేసింది. అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు.

ఆ ఆదివారం రానే వచ్చింది. రెక్కలు పడిపోయేలా చిత్రిక పట్టాక, మధ్యాహ్నానికి తలుపు గుమ్మంలో ఇమిడింది. ఇక బిగించడమే మిగిలింది. ఒకరు పట్టుకుంటే ఒకరు స్క్రూలు తిప్పాల్సిన పని అది. పట్టుకోవడానికి ఎవరూ లేరు. తలుపు కింద చెక్కముక్కలు దోపి ఎత్తు సరిచేసింది. బందులు లోపలివైపు వస్తాయి కాబట్టి తనూ లోపలే నిలబడి తలుపును గుమ్మానికి నెట్టింది. బయట టక్కుమని గడియ పడింది. పాత తలుపుకున్న వాలుగడియనే, తలుపు మూస్తే దానంతటదే కొక్కెంలో పడేదాన్నే, వెంట్రుకవాసి తేడా లేకుండా, కొత్తదానికి అదే చోట బిగించి ఉంచింది మరి. గడియ పడేసరికి తలుపు కదలకుండా నిలబడింది. అవతల ఎవరో పట్టుకున్నట్టే ఉంది. ప్రాణం లేచొచ్చి, స్క్రూలన్నీ గట్టిగా తిప్పి, చేతులు దులుపుకుంది.

లాగితే తలుపు రాలేదు.

అప్పటికి గాని వెలగలేదు, గడియ బయటుంటే తను లోపల ఉందని. పాత తలుపుకూ ఇదే జబ్బు. గాలికి గడియ పడిపోయేది, లోపలున్న మనిషి కేక పెట్టేది. "మళ్లీ ఇరుక్కున్నావా మహాతల్లీ!" అంటూ అక్క వచ్చి తీసేది.

"అక్కా!" అని కేకేసింది. కేకేశాక గాని తెలియలేదు, ఎవర్ని పిలిచిందో.

బయట చడీచప్పుడు లేదు. గుడ్డలమూట మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అక్క పోయిన రోజు కూడా ఇంతగా ఏడవలేదు. ఆ రోజు ఇంటినిండా జనం, వాళ్లకి మంచినీళ్లు అందించడంతోనే సరిపోయింది.

పక్కింటాయన్ని పిలవచ్చు. కానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, తమ్ముడు వీధి మలుపు తిరగకముందే కథంతా చెప్పేస్తాడు. ముక్కు చీది, స్క్రూడ్రైవర్ అందుకుంది. తన చేత్తో బిగించిన స్క్రూలన్నీ తన చేత్తోనే ఊడదీసి, తలుపును ఓరగా లాక్కుని బయటపడింది. తర్వాత ఇంట్లోకి వెళ్లి అక్క గుండీల డబ్బా తెచ్చింది.

పొద్దు వాలుతుండగా తమ్ముడొచ్చాడు. తలుపు వేసి చూశాడు, తీసి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. గడియకు కాస్త పైన చిన్న చిల్లు, గడియకు కట్టి అందులోంచి లోపలికి లాగిన నాడా, దాని చివర పెద్ద గుండీ కనిపించాయి.

"ఈ చిల్లేంటి చిన్నక్కా?"

"కాజా. లోపలుండగా గడియ పడితే గుండీ లాగాలి, గడియ లేస్తుంది."

"తలుపుకి కాజా ఏంటి? ఓ కేక వేస్తే సరిపోదూ?"

"ఎవర్నిరా కేకేసేది?"

తమ్ముడు గుండీ వేళ్లతో తడిమాడు. అది పెద్దక్క స్వెట్టర్‌దని గుర్తుపట్టాడు. వెళ్లేటప్పుడు ఇల్లు అద్దెకివ్వమన్న మాట ఎత్తలేదు. పందెం గెలిచిందన్నమాట. అయినా అతని బండి చప్పుడు దూరమవుతుంటే ఆవిడకు సంతోషం రాలేదు.

షెడ్డులోకి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పడింది. గుండీ లాగింది. తలుపు ఇట్టే తెరుచుకుంది, తిట్టేవాళ్లెవరూ లేకుండా.