ఫిల్టర్‌కి రెండోసారి నూనె

బండి మొరాయిస్తే నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "చివరగా దేని మీద చేయి పెట్టారు?" ముప్పై ఏళ్లు ఇంజన్ల మధ్య బతికినవాణ్ణి. నూటికి తొంభై సార్లు జబ్బు అక్కడే ఉంటుంది. బండి తెచ్చినవాళ్లు మాత్రం "అబ్బే, మేమేమీ ముట్టుకోలేదండీ" అంటారు. అలా అన్నవాళ్లని చాలామందిని ఆటపట్టించాను, కొందర్ని తిట్టి పంపాను కూడా.

ఆ రోజు పదకొండూ ఇరవైకి, రేసు ట్రాక్ పక్కన రేకుల షెడ్డులో, అదే ప్రశ్న నా కూతురు నన్ను అడిగింది.

దాన్ని అందరూ పిడుగు అంటారు. పన్నెండింటికి దానికి ట్రాక్ మీద కారుతో ఒకే ఒక్క రౌండు ఉంది. నిమిషం యాభై రెండు సెకన్లలోపు చుట్టి వస్తే ఒక పెద్ద టీము దాన్ని డ్రైవరుగా తీసుకుంటుంది. కొత్తవాళ్లకి ఇరవై ఆరేళ్లే హద్దు. వచ్చే నెలకి దానికి ఇరవై ఏడు నిండుతాయి. అంటే వచ్చే ఏడు చూసుకుందాంలే అనడానికి లేదు. పదహారో ఏట నుంచి అది కన్న కలకి మిగిలింది ఆ ఒక్క రౌండే.

పొద్దున్న ప్రాక్టీసులో నిమిషం యాభై ఒకటికే వచ్చేసింది. నా ఛాతీ అంగుళం పెరిగింది. ఎందుకంటే ఇంజనుకి గాలి అందించే కంపెనీ డబ్బా పీకేసి కొత్తది పెట్టింది నేనే. లావుపాటి అల్యూమినియం గొట్టం, దాని కొసన గరాటు ఆకారంలో గుడ్డ ఫిల్టరు, గొట్టం మధ్యలో లోపలికొచ్చే గాలిని కొలిచే సెన్సరు. ఫిల్టరుకి కొంచెం నూనె పట్టిస్తే దుమ్ము అక్కడే ఆగిపోతుంది. కొంచెమే పట్టించాలి. ఎక్కువైతే ఆ నూనె గాలితో పాటు లోపలికి పోయి సెన్సరు తీగకి అంటుకుంటుంది, ఇక అది తప్పుడు కొలతలు చెబుతుంది, వాటిని నమ్మి కంప్యూటర్ పెట్రోలూ తప్పుగా పోస్తుంది. ఇది నాకు తెలియక కాదు.

ప్రాక్టీసు అయ్యాక పిడుగు డ్రైవర్ల మీటింగుకి వెళ్లింది. దుమ్ము రేగుతోంది. ఖాళీగా కూర్చోలేని వెధవ చేతులు నావి. ఇంకాస్త పట్టిస్తే ఇంజనుకి మంచిదేగా అనుకుని సీసా వంచాను. ప్రేమ ఎక్కువై వంచాను. సగం సీసా అయిపోయింది.

అది తిరిగొచ్చి స్టార్టు చేసి ఇటూ అటూ తిప్పేసరికి బండి దగ్గడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కిళ్లు, వదిలితే ఆగిపోవడం. ముందు అద్దం కింద పసుపు దీపం వెలిగింది.

"నాన్నా, చివరగా ఏం ముట్టుకున్నావ్?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేయి దానంతటదే ప్యాంటుకి తుడుచుకుంది.

"ఏం లేదమ్మా."

ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. పోయిన నెల చెప్పకుండా టైర్ల గాలి మార్చినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. "సరే, చెప్పావుగా, పోనీలే. ఇంకోసారి మాత్రం నన్నడక్కుండా చేయి వెయ్యకు. వేస్తే నువ్వు ఇంట్లోనే ఉండిపో" అంది. నా మెకానిక్ షెడ్డు మూసేశాక నాకు మిగిలింది ఈ బండీ, ఈ పిల్లా. ఇంట్లో కూర్చోమంటే నేను చచ్చినట్టే.

"ఫిల్టరు?" అంది.

"వారం కిందట పట్టించిందే. పొద్దున్న బాగానే నడిచిందిగా."

"అయితే అది కాదు" అంది. అంతే. నా మాట మీద ఫిల్టరునీ, సెన్సరునీ వదిలేసింది. నేను బిగించిన బోల్టు అది రెండోసారి ముట్టుకుని చూసిన రోజు లేదు.

తర్వాత అరగంట నేను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. గొట్టం ఎక్కడైనా గాలి లాగుతోందేమోనని క్లిప్పులన్నీ విప్పి మళ్లీ బిగించాం. పక్క షెడ్డు పొడుగాయన తన పని మానుకుని వచ్చి, అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లి, చెవి ఆనించి విన్నాడు. స్పార్క్ ప్లగ్గులు తీశాం, చూశాం, పెట్టాం. పిడుగు వేళ్ల చర్మం కాలింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టే ఉంది మా వ్యవహారం. కాకపోతే పిల్లాడు చంకలోనే ఉన్నాడని నాకు తెలుసు.

సెన్సరు విప్పి చూద్దామా అనొచ్చు. విప్పితే నూనె కనిపిస్తుంది. నూనె పోసిందెవరో పిడుగుకి చెప్పక్కర్లేదు. దేవుడా, క్లిప్పే అయితే బావుండు, ప్లగ్గే అయితే బావుండు అని తేలు కుట్టిన దొంగలా నోరు నొక్కుకుని స్పానర్లు అందించాను.

మైకులో పేరు పిలిచారు. తొమ్మిది నిమిషాలుంది. పిడుగు బంపరుకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"నాకు తెలీడం లేదు నాన్నా" అంది. ఏడుపు రాలేదు, అదే నన్ను చంపింది. "పదేళ్ల నుంచి నేర్చుకున్నదంతా గుర్తు చేసుకుంటున్నా. నాకేమీ రాదేమో."

"నూనె పోశానే" అన్నాను. "పొద్దున్న. మళ్లీ పోశాను."

పొడుగాయన తల దించుకున్నాడు. పిడుగు నా వంక చూసింది, గోడ మీద గడియారం వంక చూసింది, లేచింది. సెన్సరు విప్పితే తీగ మీద నూనె తళతళలాడుతోంది. క్లీనర్ మందు కొట్టి కడగడానికి రెండు నిమిషాలు చాలు. ఆరడానికి పావుగంట కావాలి. తడి మీద కరెంటు ఇస్తే తీగ తెగిపోతుంది.

"సెన్సరు కరెంటు ప్లగ్గు పీకేస్తా" అంది పొడుగాయనతో. "కంప్యూటర్ తన అంచనాతో పెట్రోలు పోస్తుంది. తప్పు చెప్పేదాని కంటే అసలు చెప్పనిదే నయం."

సెన్సరుని దాని చోట పెట్టి, ప్లగ్గు పీకి, వేలాడే వైరుని టేపుతో కట్టేసి వెళ్లింది. బండి దగ్గలేదు. నడిచింది, అంతే. మలుపుల్లో అది సంపాదించుకున్నదంతా తిన్నటి దారిలో ఇంజను పోగొట్టేసింది. నిమిషం యాభై మూడు. ఒక్క సెకను.

నన్ను తిట్టలేదు. హెల్మెట్ తీసి, నీళ్లు తాగి, ఒక్క మాటంది: "నూనె పోసినందుకు కాదు నాన్నా. పదకొండూ ఇరవైకి చెప్పుంటే సెన్సరు ఆరిపోయేది."



బండిని ట్రైలర్ ఎక్కించాం. నాలుగు చక్రాలకీ నాలుగు పట్టీలు, ఎప్పట్లాగే నేను బిగించాను. 

"బిగించావా?" అంది.

"బిగించానమ్మా."

తలూపి ట్రైలర్ లాగే జీపు వైపు నాలుగడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చి, నా పక్క నుంచే ట్రైలర్ ఎక్కి, ఒక్కో పట్టీ పట్టుకుని లాగి చూసింది. నాలుగూ చూసింది.