మేనత్త చెయ్యి

వకుళ మెడ మీద ఆమె మేనత్త చెయ్యి ఉంది. మేనత్త సూరమ్మగారు కాలం చేసి చాలా ఏళ్ళయింది గానీ, చెయ్యి మాత్రం గాజులతో సహా ఇక్కడే ఉండిపోయింది. పెళ్ళిచూపుల నాడు పిల్లాడికంటే పిల్ల పొడుగని బయటపడుతుందేమోనని, కాస్త వంగి కూర్చోవే అంటూ వేసిన చెయ్యి అది. మళ్ళీ తియ్యలేదు. తలంటుకున్నప్పుడల్లా వకుళ దానికీ కుంకుడురసం రుద్దుతుంది, అట్లతద్దికి గోరింటాకు పెడుతుంది.

ఈమధ్య నడుం బొత్తిగా వంగిపోయి, ఎదుటివాళ్ళ బొడ్డుతో మాట్లాడాల్సి వస్తోంది. ఒళ్ళు నిటారుగా నిలపడం నేర్పే ఫ్లోరా టీచరు దగ్గరికి బయలుదేరుతుంది. వెళుతోందన్న మాటే గానీ మనసంతా దిగులే. తను లేచి నిలబడితే, ఏనాడూ పరుషంగా ఒక్క మాట అనని సుదర్శనం నలుగురిలో చిన్నబోతాడు. భర్తని చిన్నబుచ్చి తెచ్చుకునే నడుం ఎందుకు?

టీచరు గదిలో రెండు కుర్చీలు గోడకి వీపు ఆనించి ఊపిరి పీల్చడం నేర్చుకుంటున్నాయి. వకుళని వాటి పక్కన నిలబెట్టి, టీచరు తిన్నగా చేతితోనే మాట్లాడుతుంది. ఎందుకు పట్టుకున్నారని మర్యాదగా అడుగుతుంది.

"వదిల్తే సంబంధం తప్పిపోద్ది," అంటుంది చెయ్యి.

"పెళ్ళయిపోయిందండీ. కూతురు కాలేజీకి వెళుతోంది," అంటుంది టీచరు.

చెయ్యి కదలదు. నిజమే, ఆ మాట దానికి ఎవరూ చెప్పలేదు. పెళ్ళి హడావుడిలో అందరూ మరిచిపోయారు. చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది పాపం! అయితే భోజనాలు కూడా అయిపోయాయా అని అడుగుతుంది. అయిపోయాయని విని, కొంచెం నొచ్చుకుని, గాజులు సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోతుంది.

వకుళ దారి పొడవునా లేస్తూనే ఉంది. ఇంటికి చేరేసరికి గుమ్మం ఆమె మోకాళ్ళకి వస్తోంది. ఆ గుమ్మంలోంచే ఎలాగో లోపలికి వెళుతుంది, ఇల్లే ఆమెకి తగ్గట్టు సర్దుకుంటుంది. భర్త చిన్నబోతాడని ఏడుపు మాత్రం ఆగడంలేదు. సుదర్శనం తలెత్తి చూస్తాడు.

"నువ్వు పొడుగని నాకు ఆ రోజే తెలుసే," అంటాడు. "నాకోసం నువ్వు వంగావు, నీకోసం నేను మునివేళ్ళ మీద నిలబడ్డాను. నువ్వు లేస్తే దిగుదామని చూస్తున్నాను."

లుంగీ కాస్త పైకెత్తుతాడు. పెళ్ళినాటినుంచీ నేల తగలని మడమలు, పురిటిబిడ్డవిలా మెత్తగా, ఎర్రగా ఉన్నాయి. గోడ పట్టుకుని వాటిని మెల్లిగా దించుతాడు. చల్లగా ఉందని నవ్వుతాడు. వకుళకి ప్రాణం లేచి వస్తుంది.

ఆ ఊపులో తల పెంకులు దాటి బయటికి వస్తుంది. కింద సుదర్శనం మడమలతో నడక నేర్చుకుంటున్న చప్పుడు. పైన సాయంత్రపు ఎండ. వీధి పొడవునా ప్రతి ఇంటి కప్పూ మధ్యలో కొంచెం ఉబ్బి ఉంది, వంచిన మెడలా. ఎదురింటి పెంకులు వెచ్చగా ఊపిరి తీస్తున్నాయి.

వకుళ చెయ్యి చాచి వాటిమీద తడుతుంది. లోపలినుంచి ఒక ఆడగొంతు, ఎవరని అడుగుతుంది.