ఎడం కొలిచే టేపు

పొద్దున్నే లేవగానే దర్జీ అక్క చేసే మొదటి పని పంజరంలో పొట్టు మార్చడం. తర్వాత గింజలు వేసి, "కొట్టుకోకండే తల్లీ" అని బతిమాలుకోవడం. అందులో ఉన్న చైనీస్ హామ్‌స్టర్లు, పెంపుడు చిట్టెలుకలు, రెండూ ఒకే కాన్పులో పుట్టిన ఆడవి. పేర్లు గుండీ, కాజా. అక్కాచెల్లెళ్ళు కలిసుండక ఎక్కడికి పోతారని ఆవిడే వాటిని ఒక పంజరంలో, ఒకే గూడుతో, ఒకే చక్రంతో పెట్టింది.

ఆవేళ కాజా చెవి చీరి ఉంది. గుండీ గూటికి అడ్డంగా కూర్చుని దాన్ని లోపలికి రానివ్వడం లేదు.

"విడదీయకపోతే ఒకటి చస్తుందక్కా," అంది చెల్లెలు. ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే పిల్ల.

"అవేం మాటలే! ఒక కడుపున పుట్టినవి."

"అయితే టేపు పెట్టి చూడు."

దర్జీ అక్క టేపు నడుమెంతో చెప్పి ఊరుకోదు. ఎవరికి చుడితే వాళ్ళకి, తనవాళ్ళ నుంచి ఎంత ఎడంగా ఉంటే హాయో అంత దూరం సాగి ఆగుతుంది. కొత్త దంపతులు మంచం కొనేముందు వచ్చి కొలిపించుకుని పోతారు. చెల్లెలికి మాత్రం ఆవిడ ఎప్పుడూ పాత చొక్కా ఆది పెట్టుకునే కుట్టేది. నెల్లాళ్ళుగా ఆ పిల్ల ఏదో చెప్పబోయి మింగేస్తోంది. వేరే ఊరికి ఉద్యోగం మార్చుకుని పోతుందేమోనని ఈవిడకి ముద్ద దిగడం లేదు.

కాజాకి చుట్టిన టేపు కిటికీ దాకా పోయింది. గుండీది వంటింటి గుమ్మం దాకా. చెల్లెలు వెళ్ళి రెండో పంజరం కొనుక్కొచ్చింది. సాయంత్రానికి కాజా కడుపునిండా తిని, వెల్లకిలా పడి నిద్రపోయింది. అమ్మయ్య, బతికిందిరా దేవుడా అనుకుంది దర్జీ అక్క. కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, టేపు తీసింది.

"ఇలా రావే."

"వద్దక్కా."

"రమ్మన్నానా!"

టేపు చెల్లెలి నడుము చుట్టి, గుమ్మం దిగి, వీధిన పడింది. వెనకాలే ఇద్దరూ చెప్పుల్లేకుండా పరుగు. సైకిలు మీద పాలాయన కాలెత్తి దారిచ్చాడు. రెండో మలుపు తిరిగి, మందుల కొట్టు పక్కన "గది అద్దెకివ్వబడును" అన్న బోర్డు కింద టేపు ఆగింది.

"ఇంతేనా?" దర్జీ అక్క అరుగు మీద కూలబడింది. "ఊరు దాటిపోతుందనుకుని చచ్చానే!"

"ఊరెందుకు దాటుతానక్కా! నీ మిషన్ చప్పుడు లేకుండా కాస్త పడుకోవాలనీ... చెప్తే ఏడుస్తావనీ..." అంటూ ఆ పిల్లే భోరుమంది. ఏడుపు తగ్గాక ముక్కు తుడుచుకుని, "నువ్వూ నించో," అని అక్కకి టేపు చుట్టింది.

టేపు ఇంటి వైపు బయల్దేరింది. గుమ్మం దగ్గర ఆగుతుందిలే అనుకున్నారు ఇద్దరూ. ఆగలేదు. ఇల్లు దాటి, ఇంకో నాలుగిళ్ళు అవతలికి పోయి ఆగింది.

"అమ్మ దొంగా!" అంది చెల్లెలు.