హనుమక్కకు చూపొచ్చిన నెల

మా మేనత్త హనుమక్కకు పుట్టుకతోనే చూపు లేదు. చింతామణిలో పురుషోత్తమ్ నడిపే పట్టుదారం తీసే యూనిట్‌లో ఇరవై ఏండ్లుగా పట్టుపురుగుల గూళ్ళు ఏరుతోంది. గూడును వేళ్ళతో నొక్కి, చెవి దగ్గర ఆడించి, గట్టిది ఒక గంపలో, పుచ్చుది ఇంకో గంపలో వేసేది. తప్పు పోయేది కాదు.

పోయిన నెల బెంగళూరులో ఆపరేషన్ అయి చూపొచ్చింది. పురుషోత్తమ్ పూలహారం తెచ్చాడు.

"తడుముకుంటానే ఇంత చేసినావు. ఇప్పుడు కండ్లుండాయి, రెండింతలు చెయ్యాల," అన్నాడు. హారం ఊరికే వస్తుందా మరి.

నేను ఫిలాసఫీ ఎం.ఎ. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని కాబట్టి, ఆ చదువు ఎవరికైనా పనికొస్తుందేమోనని వెతుకుతూ ఉంటాను.

"అప్పా, మూడొందల ఏండ్ల కిందట ఐర్లండులో ఒకాయన ఇంగ్లండులో ఇంకొకాయనకు జాబు రాసినాడు. చేత్తో తడిమి గుండునూ పాచికనూ గుర్తుపట్టే గుడ్డాయనకు చూపొస్తే, ముట్టుకోకుండా ఏది ఏదో చెప్పగలడా అని. చెప్పలేడన్నారు. అత్తకు కొన్నాళ్ళు టైమియ్యప్పా," అన్నాను పురుషోత్తమ్‌తో.

"కండ్ల ముందర ఉండేది కనపడతాదా అని జాబులు రాసుకున్యారా? ఇది చదవను నీకు ఎన్నేండ్లు పట్టె రంజితమ్మా?"

"అయిదు."

పనోళ్ళంతా నవ్వారు.

అత్తను ట్యూబ్‌లైటు కింద కూర్చోబెట్టారు. నొక్కకూడదు, ఆడించకూడదు, చూసి ఏరాలి. అత్త చెయ్యి చాపింది. గంపకు జానెడు ఇవతలే ఆగింది. మళ్ళీ చాపితే గంప బోర్లాపడింది.

"దూరం యాడుండాదే రంజితా? అన్నీ నా కంటికి అంటుకోనే ఉండాయి," అంది.

సాయంత్రానికి పుచ్చు గూళ్ళన్నీ మంచి గంపలో ఉన్నాయి.

"రేపట్నుంచి రావద్దు హనుమక్కా," అన్నాడు పురుషోత్తమ్.

అత్త బతిమాలలేదు. కొంగుతో కండ్లకు గట్టిగా కట్టు కట్టుకుంది.

"ఆ గంప నా ఒళ్ళో కుమ్మరించే."

అరగంటలో గూళ్ళన్నీ వేరైపోయాయి. పురుషోత్తమ్ నాలుగు గూళ్ళు కోసి చూశాడు. ఒక్కటీ తప్పు లేదు.

"కండ్లు బస్సెక్కను పెట్టుకుంటాలేప్పా. రేపు ఎన్ని గంటలకు రావాల?" అంది అత్త.

"ఎప్పుడూ వచ్చే టైముకే," అన్నాడు.

మర్నాడు గూళ్ళు ఏరే తక్కిన ఆరుగురు ఆడోళ్ళ కండ్లకూ గంతలు కట్టించాడు. మధ్యాహ్నానికి ఆరు గంపలూ కలగాపులగం.

ఇప్పుడు ఫోన్ చేసి, దీని మీద గూడా ఎవురన్నా జాబు రాసుకున్యారా అని నన్ను అడుగుతున్నాడు.