హీలర్ ఉందిగా!

"కొత్తవాళ్ళకి హీలరే తేలిక. పైగా నీకు అలవాటైన పనేగా," అన్నాడు భర్త, లాప్‌టాప్ ఆమె వైపు తిప్పుతూ. ఆమె అప్పుడే మావగారి పక్క మీద దుప్పటి మార్చి, మాసినదాన్ని చంకలో పెట్టుకుని వాషింగ్ మెషీన్ వైపు పోతోంది.

సంగతేమిటంటే, ఆయనగారు ఏళ్ళ తరబడి ఆడుతున్న ఆ ఆన్‌లైన్ ఆటలో, జట్టుకి దెబ్బలు మాన్పే అమ్మాయి అలిగి వెళ్ళిపోయింది. ఎందుకలిగిందో ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. ఆదివారం మధ్యాహ్నం పెద్ద రాక్షసుణ్ణి కొట్టాలి, హీలర్ లేదు. ఇంట్లో ఒక ఆడమనిషి ఖాళీగా, అంటే దుప్పటి మోసుకుంటూ, కనిపించింది. ఇంకేం! గోరుచుట్టు మీద రోకటి పోటు అని ఆమె లోలోపలే తిట్టుకుంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

అయినా కూర్చుంది. కూర్చోవడానికి కారణం మొగుడు కాదు, వదిన. అంటే భర్తకి అక్కగారు. వేరే ఊళ్ళో పళ్ళ డాక్టర్లకి కట్టుడుపళ్ళు చేసిచ్చే ల్యాబ్‌లో పని. ఆటలో ఆవిడదే డాలు: ముందు నిలబడి దెబ్బలన్నీ కాచుకునేది ఆవిడే. ఆవిడంటే ఆమెకి చెప్పలేనంత అభిమానం. జుట్టులో పళ్ళ అచ్చుల తెల్లటి పొడితో, గొంతులో నవ్వుతో వచ్చే మనిషి. "ఈ వయసులో ఇంకా ఉద్యోగమెందుకే?" అని ఎవరో చుట్టం అడిగితే, "నేను మానేస్తే నువ్వు గంజి తాగి బతకాలి పిన్నీ" అంది పకపకా నవ్వుతూ. అలాంటి మాట ఎప్పటికైనా తన నోట్లోంచి వస్తుందా అనుకుంది ఆమె ఆ రోజు.

ఎందుకంటే ఆమె కూడా రేపు ఒక మాట చెప్పాల్సి ఉంది. ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. అద్దాలు అరగదీసి, అంచులు నునుపు చేసి, ఫ్రేములో కూర్చడం పని. షాపు యజమానురాలు రెండో వర్క్‌షాప్ తెరుస్తోంది. "నీకైతేనే దాని బాధ్యత ఇస్తాను. సోమవారం వచ్చి చెప్పు," అంది. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండా, "రేపోమాపో ఉద్యోగమే మానెయ్యాలి కదా, వర్క్‌షాప్ ఏమిటి?" అన్నాడు. తుంటి ఎముక విరిగి మావగారు మంచం పట్టినప్పటి నుంచీ ఇదే వరస. ఫోన్లో ఎవరు పలకరించినా, "మా ఆవిడ ఉందిగా, ఇంకేం బెంగ? తన హస్తవాసి అలాంటిది" అంటాడు. పొగడ్తే! కాదన్నదెవరు? కానీ ఆ పొగడ్త వెనకే ఇంకో పని ఆమె నెత్తిన పడేది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడక్కుండానే పెట్టే మనిషి ఇంట్లో ఉంటే, అడగాలన్న సంగతే జనం మర్చిపోతారు. ఉద్యోగం మానెయ్యమన్న మాటకి ఆమె అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనాన్ని భర్త అంగీకారం కింద జమకట్టేశాడు.

తెర మీద ఇద్దరు హీలర్లు నిలబడ్డారు. ఒకరు దాది. ఎవరి ప్రాణం తగ్గితే వాళ్ళ వెంట పరిగెత్తి చెయ్యి వేస్తుంది. రెండోది దివ్వె. నేల మీద దీపం పెడుతుంది. దెబ్బ తగిలినవాళ్ళు ఆ వెలుగులోకి వస్తే గాయం మానుతుంది. రాకపోతే లేదు.

"దాదిని తీసుకో. బుర్రతో పనిలేదు. ఎవడు పడితే వాడి మీద నొక్కడమే," అన్నాడు భర్త. ఆమె దాదినే తీసుకుంది.

హెడ్‌ఫోన్‌లో వదిన గొంతు వినిపించింది. "అమ్మాయ్, వచ్చావా! భయపడకు, నేను ముందున్నా."

భర్త తన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆట మొదలైంది. రాక్షసుడు నేలంతా నిప్పు కక్కుతున్నాడు. వదిన డాలు అడ్డుపెట్టి నిప్పుకి అడుగు ఇవతల, గోడలా నిలబడింది. భర్త మాత్రం కత్తి దూసి తిన్నగా మంట మధ్యలోకి వెళ్ళి అక్కడే పాతుకుపోయాడు. ఆయన ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత జర్రున కారిపోతోంది. ఆమె పరిగెత్తింది, చెయ్యి వేసింది. నిండింది. మళ్ళీ కారింది. మళ్ళీ వేసింది. అవతల వదిన గీత సగానికి పడిపోయిన సంగతి చూసుకోలేదు, తన గీత అడుగంటిన సంగతి అసలే చూసుకోలేదు. వేళ్ళు నొప్పెట్టేదాకా నొక్కుతూనే ఉంది. ముందు తను పోయింది, తర్వాత వదిన, ఆ తర్వాత అందరూ.

"కాస్త చూసుకోవద్దూ?" అన్నాడు భర్త విసుగ్గా. ఆ మాట కూర మాడినప్పుడూ అదే, మావగారి మందు ఆలస్యమైనప్పుడూ అదే. ఆమెకి అలవాటుగా 'సారీ' నోటిదాకా వచ్చింది.

ఈలోగా వదిన అందుకుంది. "ఒరేయ్, ముందు నువ్వు చెప్పు. నిప్పులో ఎందుకు నిలబడ్డావురా?"

"హీలర్ ఉందిగా!" అన్నాడతను, ఇందులో అడగడానికేముందన్నట్టు.

వదిన పగలబడి నవ్వింది. జట్టులో వాళ్ళూ నవ్వారు. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. నిప్పు అతనికి కనపడక కాదు. పక్కకి జరగడం చేతకాకా కాదు. తను ఉంది కాబట్టి జరగలేదు. ఇన్నేళ్ళూ తన మంచితనం అనుకున్నది అతని కాలికింద నిప్పుని చల్లగా చేసిపెట్టింది, అంతే. ఎంత సిగ్గేసిందో, అంత కోపమూ వచ్చింది.

"వదినా, నేను ఇంకోదాన్ని తీసుకోవచ్చా?" అంది.

"అడుగుతావేమిటి, తీసుకో!"

"దివ్వె కష్టం. కొత్తవాళ్ళకి కాదు," అన్నాడు భర్త. ఆమె అప్పటికే నొక్కేసింది.

ఈసారి ఆమె పరిగెత్తలేదు. రోజంతా వెలుతురుకి ఎదురుగా అద్దం పట్టి చూసే కళ్ళు అవి. నిప్పు ఎటు పాకుతోందో, ఎక్కడ ఆగుతోందో కాసేపు నిలబడి చూసింది. ఒక స్తంభం వెనక, మంట చేరని మూల, అందరికీ కనిపించేచోట దీపం పెట్టింది. వదిన వచ్చి నిలబడి, ఊపిరి తీసుకుని, మళ్ళీ డాలు ఎత్తి వెళ్ళింది. మిగతావాళ్ళూ వంతులేసుకున్నట్టు వచ్చారు. భర్త మంటలోంచి కేకలు. "నా మీద వెయ్! నా మీద!"

"దీపం ఇక్కడుంది. రండి," అంది ఆమె. దీపాన్ని ఉన్నచోటి నుంచి కదపలేదు.

రాలేదు, పడిపోయాడు. లేపితే మళ్ళీ అక్కడికే వెళ్ళి మళ్ళీ పడ్డాడు. మూడోసారి గొణుక్కుంటూ స్తంభం వెనక్కి వచ్చి నిలబడ్డాడు. గీత నిండింది. అతను వచ్చాక చూడాలి పోరు! రాక్షసుడు కూలిపోయాడు.

"శభాష్ అమ్మాయ్! ఎంతమంది హీలర్లని చూశాను. దీపం పెట్టే చోటు చూసుకున్నదానివి నువ్వే," అంది వదిన. అంత పనితెలిసిన మనిషి నోట ఆ మాట వినేసరికి ఆమె కళ్ళు చెమర్చాయి. హస్తవాసి అనలేదు, మనసు మంచిది అనలేదు. పని బాగుందంది.

భర్త కూడా హుషారుగా ఉన్నాడు. "చూశావా అక్కా! అందుకే అంటున్నా, నాన్నకి ఈవిడే కరెక్ట్. రేపు షాపుకి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పేస్తుంది."

"చెప్పను," అంది ఆమె. "రేపు వెళ్తాను. వర్క్‌షాప్ తీసుకుంటున్నాను."

భర్త ఆట వదిలి ఆమె వైపు తిరిగాడు.

"మరి నాన్నని ఎవరు చూస్తారు?"

"నేనూ చూస్తాను, మీరూ చూస్తారు, మనిషిని పెడదాం. ఇన్నాళ్ళూ నేనున్నానని మీరు లేరు. అంతే."

అతనేదో అనబోయాడు. లోపలి గదిలోంచి మావగారు బాత్రూముకని పిలిచారు. ఆమె కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆయన రెండోసారి పిలిచారు.

భర్త లేచాడు. లోపలికి వెళ్ళబోయి గుమ్మంలో ఆగాడు.

"ఎటువైపు పట్టుకోవాలి?" అన్నాడు.

"తుంటి విరిగిన వైపు నిలబడండి," అంది ఆమె. "ఎత్తకండి. ఆయన్నే లేవనివ్వండి."