ఉప్పు తాగిన మడి

తుఫాను పోతూ పోతూ సముద్రాన్ని తెచ్చి నెరెయిదా పెరట్లో ఒంపేసింది. క్యూబా దక్షిణ తీరంలో ఇదేమీ కొత్త కాదు. నీరు తీసింది, బురద మిగిలింది. ఆ బురదలో నిలబడి కూడా చేమదుంపలాంటి మలంగా మొక్కలు ఎండకు మాడినట్టు ఆకులు వేలాడేశాయి.

ఆ దుంపలే ఆమె మొగుడు ఎవేలియోకు తిండి. అతనికి కడుపులో పుండు. ఉడికించి మెదిపిన మలంగా తప్ప ఏది తిన్నా మెలికలు తిరిగిపోతాడు. పోయినేడు దుంప దొరకని రోజుల్లో చిక్కుళ్లు తిని రక్తం కక్కుకున్నాడు.

మడిలోని ఉప్పునీరు బయటికి పోయేలా ఆమె ముందు కాలువ తవ్వింది. తర్వాత బకెట్ పట్టుకుని వాననీటి తొట్టి దగ్గరికి వెళ్లింది. తొట్టి మూత మీద కుర్చీ వేసుకుని ఎవేలియో కూర్చున్నాడు. మొండితనంలో అతని ముందు గాడిదలు కూడా దిగదుడుపే.

"నేల బురదబురదగా ఉంటే ఇంకా నీళ్లేంటే? బళ్లో పాఠాలు చెప్తావు, ఆ మాత్రం తెలీదా? నీళ్ల బండి ఎప్పుడొస్తుందో ఏమో. తాగడానికున్నవి ఇవే."

నెరెయిదా వంటింట్లోకి వెళ్లి, తను తినడానికి ఉప్పు చల్లి ఉంచుకున్న దోసకాయ ముక్కల గిన్నె తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. ముక్కలు వడలిపోయాయి. అడుగున నీళ్లూరాయి.

"ఈ నీళ్లు నేను పోశానా?"

"ఉప్పేస్తే ఊరవా మరి?"

"మడిలోనూ అదే జరుగుతోంది. ఆకులో, వేరులో అంతా కంటికానని చిన్న చిన్న గదులు. ఒక్కోదానికి పల్చటి పొర. అది నీళ్లను పోనిస్తుంది, ఉప్పును అంత తేలిగ్గా పోనివ్వదు. ఉప్పు ఎటు ఎక్కువుంటే నీళ్లు అటు పోతాయి. ఇప్పుడు మొక్క మట్టిలో నీళ్లు తాగట్లేదయ్యా, మట్టే మొక్కను తాగేస్తోంది. మంచినీళ్లతో ఆ ఉప్పు కడిగేస్తే వేళ్లలోకి మళ్లీ నీళ్లెక్కుతాయి. గదులు నిండితే ఆకు బిర్రుగా లేస్తుంది."

"కడిగినా బతక్కపోతే?"

"ఇద్దరం దాహంతో చద్దాం. కడక్కపోతే నువ్వొక్కడివే ఆకలితో చస్తావు. నేనది చూడలేను. లే."

అతను గొణుక్కుంటూ లేచాడు. అతను తోడాడు, ఆమె మోసింది. చేతులు బొబ్బలెక్కినా ఆమె ఆగలేదు. సాయంత్రానికి మొదటి వరసలో రెండు మూడు ఆకులు తలెత్తాయి. సరిగ్గా అప్పుడే బకెట్ తొట్టి అడుగున గీరుకుంది. చివరి మొక్కకు నీళ్లు లేవు.

ఎవేలియో ఇంట్లోకి వెళ్లి తన మంచం పక్కనుండే కూజా తెచ్చాడు.

"అది నువ్వు మందు వేసుకోవడానికి," అంది నెరెయిదా.

"ముందు దాన్ని తాగనీవే. రేపు నేను తినాల్సింది దాన్నేగా," అంటూ వేళ్ల దగ్గర కూజా ఒంపేశాడు.