పద్దెనిమిదో బుట్ట

నిర్మాత సూర్యప్రకాశరావుగారు ఇదివరకు సినిమా కథలు ఫిలింనగర్ ఆఫీసులోనే వినేవారు. ఏసీ గది, అల్లం టీ, ఎదురుగా చెమటలు తుడుచుకుంటూ కథ చెప్పేవాడు. ఏడు నెలల కింద ఆ పద్ధతి మారింది. ఆయన కొడుకు రిత్విక్, రెండు సినిమాల హీరో, ఎక్కడో ఒక కొత్త ఆట నేర్చుకొచ్చాడు. పళ్లెంలాంటి ప్లాస్టిక్ డిస్కును చెట్ల మధ్య నుంచి విసురుకుంటూ వెళ్లి, గొలుసులు వేలాడే ఇనప బుట్టలో పడెయ్యాలి. తక్కువ విసుర్లలో పడేసినవాడు గెలిచినట్టు. కొడుకు ముచ్చటపడ్డాడు కదా అని రావుగారు శంకర్‌పల్లి దాటాక మూసీ ఒడ్డునున్న తన నలభై ఎకరాల్లో పద్దెనిమిది బుట్టలు పాతించారు. పేరుకు తోటే గాని అది సగం అడవి. టేకులు, తుమ్మలు, చింతలు దారికి అడ్డంగా నిలబడి ఉంటాయి. ఎడమ పక్కన మూసీ పారుతుంటుంది. నగరంలోకి రాకముందు దాన్ని ఇంకా నది అనే అనొచ్చు.

ఇప్పుడు ఆ బ్యానర్లో కథ చెప్పాలంటే అక్కడికి పోయి హీరోతో ఆడాలి. బుట్టకు రెండు మూడు సీన్ల చొప్పున చెప్పుకుంటూ నడవాలి.

కృష్ణానగర్‌లో ఒక గది, వంటిల్లు ఉన్న వాటాలో కాపురముంటున్న ఓదెలుకు ఈ పిలుపు పద్నాలుగేళ్లకు వచ్చింది. అన్నేళ్లూ అతను కో-డైరెక్టరే. ఎండలో నిలబడి అరిచేది అతను, మైకు ముందు మాట్లాడేది మరొకరు. ఒకే ఒక్క కథ రాసుకున్నాడు. దాన్ని ఎవరికీ అమ్మలేదు, ఎవరూ కొంటామనీ అనలేదు. ఇది పోతే ఇక డైరెక్టర్ అయ్యేది లేదని అతనికి బాగా తెలుసు.

ముందురోజు కాదు, నెలరోజుల ముందే రావుగారి మేనేజర్ వరప్రసాద్ ఓదెలును ఆఫీసు మెట్ల మీద పక్కకు పిలిచాడు.

"ఓదెలుగారూ, ఆటలో బాబే గెలవాలండీ. ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నాను."

"గంత ఫికర్ ఎందుకు సార్? నాకు అసలు ఆ ఆటే రాదు."

"అదేనండీ ప్రాబ్లమ్. రానివాడి మీద గెలిస్తే బాబుకి మజా ఏముంటుంది? చివరిదాకా సమానంగా ఆడి, ఆఖర్న కొద్దిలో ఓడిపోవాలి. కావాలని ఓడిపోయినట్టు కనపడకూడదు."

ఉదాహరణలు కూడా ఇచ్చాడు. ఒక డైరెక్టరు భక్తి ఎక్కువై డిస్కును వెనక్కి విసిరాడట. రిత్విక్ కోపంతో కారెక్కి వెళ్లిపోయాడు. ఒక రచయిత విసిరింది టేకుచెట్టుకు తగిలి, పక్కకు మళ్లి, కర్మకాలి బుట్టలోనే పడి ఆయన గెలిచేశాడు. పాపం, ఆ రోజు నుంచి ఆయన ఫోను ఆఫీసులో ఎవరూ ఎత్తడం లేదు.

ఓదెలు ఒక డిస్కు కొనుక్కొని, తెల్లవారగానే కృష్ణకాంత్ పార్కుకు వెళ్లడం మొదలుపెట్టాడు. పొరపాటున తగిలినట్టు చెట్టుకు కొట్టడమే అతని సాధన. అదెంత కష్టమో అప్పుడు తెలిసింది. మొదటి వారం చెట్టును తప్పించుకొని డిస్కు ఎక్కడెక్కడికో పోయేది, వాకింగ్ చేసే పెద్దమనుషులు తిట్టిపోసేవారు. రెండో వారానికి పదింటిలో ఆరు తగిలాయి. నాలుగో వారానికి అరవై అడుగుల దూరం నుంచి పదికి పది మాను నడుమ తగిలేవి.

సీరియళ్లకు బట్టలు కుట్టే అతని భార్య భూలక్ష్మి మిషను ఆపి మరీ నవ్వింది. "గెలవనీకి ప్రాక్టీస్ చేసెటోళ్లను చూసిన గానీ, ఓడిపోనీకి చేసెటోన్ని నిన్నే చూస్తున్న."

"గెల్పు అంటే గిదేనే మనకు," అన్నాడు ఓదెలు.

ఆ రోజు రానే వచ్చింది. మొదటి బుట్ట దగ్గర రావుగారు కొబ్బరికాయ కొట్టించి, డిస్కులకు బొట్లు పెట్టించారు. ఓదెలు కథ ఎత్తుకున్నాడు. ఒక కుస్తీ మాస్టారు. ఊళ్లో అందరూ ఆయన మీది గౌరవంతో ఆయనకు ఓడిపోతుంటారు. ఇరవై ఏళ్లు అలా గెలిచి గెలిచి, తన బలమెంతో తనకే తెలియని స్థితికి వస్తాడు. చివరికి ఒక శిష్యుడు నిజంగా పట్టుపట్టి ఆయన్ని వెల్లకిలా పడేస్తాడు. మట్టిలో పడుకుని ఆకాశం చూస్తూ మాస్టారు హాయిగా నవ్వుతాడు. అదీ క్లైమాక్స్.

ఓదెలు బాగా చెప్పాడు. ఆట ఇంకా బాగా ఆడాడు. ఒక బుట్ట తను గెలిచి, ఒకటి పోగొట్టుకొని, పదిహేడు బుట్టలు అయ్యేసరికి లెక్క సమానంగా తెచ్చి పెట్టాడు. అప్పటికే నాలుగుసార్లు కావాల్సిన చెట్టును కావాల్సిన చోట కొట్టాడు, ప్రతిసారీ నెత్తి కొట్టుకొని "అయ్యయ్యో" అన్నాడు.

"కథ బానే ఉందయ్యా," అన్నారు రావుగారు మీసం దువ్వుకుంటూ. "కానీ హీరో ఓడిపోవడమేంటి? జనం డబ్బులిచ్చి అది చూస్తారా?" ఇంతలో ఫోను మోగితే మాట్లాడుకుంటూ పక్కకు వెళ్లారు.

పద్దెనిమిదో బుట్ట నది ఒంపులో ఉంది. రిత్విక్ నాలుగు విసుర్లలో ముగించాడు. ఓదెలు రెండు విసిరాడు. మూడోది పడితే ఓదెలు గెలుపు. ఎదురుగా పెద్ద చింతచెట్టు, దానికి ఎడమగా బారెడు సందు, సందు కింద నీళ్లు. చెట్టుకు కొడితే డిస్కు మూసీలో పడుతుంది, నీళ్లలో పడ్డందుకు అదనంగా ఒక విసురు లెక్కపడి ఆట పోతుంది. ఓడిపోవడానికి అంత అనువైన చోటు ఆ తోటలో ఇంకోటి లేదు.

రిత్విక్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నా, ఒక్కటి అడుగుతాను. ఏడు నెలల్లో నేను ఓడింది ఒక్క గేమే, అదీ ఎవరిదో డిస్కు చెట్టుకు తగిలి పొరపాటున పడితే. నేనెంత ఆడగలనో నాకే తెలీదు. మీ మాస్టారి కథ వింటుంటే నా కథలాగే ఉంది. ఇది నిజంగా వెయ్యండి. నన్ను ఓడించండి. ఈ సినిమా నేను చేస్తాను, డాడీని నేను ఒప్పిస్తాను."

ఓదెలు ఆ పిల్లవాడి కళ్లలోకి చూశాడు. నటన కాదు. నటన అయితే గుర్తుపట్టేవాడే, రెండు సినిమాలూ చూశాడు కదా. పద్నాలుగేళ్లలో ఒక హీరో అతన్ని నిజాయితీగా ఉండమని అడగడం ఇదే మొదటిసారి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వేస్త తమ్మీ. అమ్మతోడు, నిజంగ వేస్త."

సందు వైపే చూశాడు. సందునే అనుకున్నాడు. ఊపిరి బిగబట్టి విసిరాడు.

డిస్కు నేరుగా వెళ్లి చింతమాను నడుమ ఠప్పుమని తగిలి, మూసీలో పడి మునిగిపోయింది. నెలరోజులు చెట్టుకే కొట్టిన చెయ్యి ఓదెలును అడగకుండానే తన పని తాను చేసేసింది.

రిత్విక్ ముఖం మాడిపోయింది.

"తమ్మీ, నేను నిజంగనే వేసిన," అన్నాడు ఓదెలు. "చెయ్యి తప్పింది. అమ్మతోడు."

"అందరూ ఇలాగే ఒట్లు వేస్తారన్నా."

"ఇంగొక్కసారి చూడు. ఒక్కటంటే ఒక్కటి."

జవాబు కోసం ఆగకుండా సంచిలోంచి మరో డిస్కు తీసి విసిరాడు. అది చింతను రాసుకుంటూ సందులోంచి దూరి, నీళ్ల మీదుగా ఒంపు తిరిగి గొలుసుల్లో ఘల్లుమని పడింది. అంత అందమైన విసురు ఆ తోటలో ఎవరూ చూసి ఉండరు.

రిత్విక్ దాన్ని చూసి, తర్వాత ఓదెలును చూశాడు.

"చూశారా? కావాలంటే వెయ్యగలరు. లెక్కకు వచ్చేది మాత్రం చెట్టుకు కొట్టారు."

ఓదెలుకు చెప్పడానికి నిజమే ఉంది, అది నమ్మించే దారి లేదు. ఒంటి మీద గుడ్డలు లేనంత సిగ్గేసింది.

అప్పుడే రావుగారు ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చారు. చెట్టు దెబ్బ దూరం నుంచే చూశారట. ముఖం చింకి చేటంత అయింది.

"మళ్లీ నువ్వేనా నాన్నా గెలిచింది! శభాష్!" అని కొడుకు వీపు తట్టి, ఓదెలు భుజం మీద చెయ్యి వేశారు. "కథ మనకి సెట్ అవదుగానీ, నువ్వు నాకు నచ్చావయ్యా. ఎక్కడ ఎలా ఉండాలో తెలిసినవాడివి. బాబు కొత్త సినిమా వచ్చే నెలలో మొదలవుతోంది. కో-డైరెక్టర్‌గా వచ్చెయ్."

రిత్విక్ కారు వైపు నడుస్తున్నవాడు ఒక్క క్షణం ఆగాడు, వెనక్కి తిరగలేదు. ఓదెలు ఏమంటాడో వినడానికే ఆగాడు.

ఓదెలు చేతులు కట్టుకొని, "మీ దయ సార్," అన్నాడు.